రక్తనాళాల పుట్టుకను చూచిన డాక్టర్ సేబిన్

తల్లి కడుపులో శిశువుకు రక్తనాళాలు ఎట్లా ఏర్పడతవి? ఈ ప్రశ్న పట్టుకొని రాత్రి తెల్లవార్లూ సూక్ష్మదర్శిని ముందు జాగారం చేసిన విదుషీమణి ఫ్లారెన్స్ సేబిన్.

ఈమె 1871లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, సెంట్రల్ సిటీ అనే గనుల ఊళ్ళో జన్మించింది. ఏడేళ్ళ ప్రాయంలోనే తల్లి గతించింది. కాలేజీ చదువు ముగిసినా వైద్యవిద్యకు డబ్బు చాలక, మూడేళ్ళు పంతులమ్మగా పనిచేసి కూడబెట్టుకొన్నది. 1896లో బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్య కళాశాలలో చేరి, 1900లో పట్టం పుచ్చుకొన్నది.

1917లో అక్కడ పూర్తి ప్రొఫెసరైన తొలి మహిళ ఈమెయే. కాని అదే సంవత్సరం శరీర నిర్మాణ శాఖాధిపతి మరణించగా, ఆ స్థానాన్ని ఈమెకు ఇవ్వక ఈమె వద్ద చదువుకొన్న ఒకరికి కట్టబెట్టారు. సీనియారిటీ జాబితాలు వ్రాసే మాబోటి గుమాస్తాలకు ఇది మింగుడుపడని సంగతి. ఆమె మాత్రం రాజీనామా ఇవ్వలేదు. చేతిలో ఉన్న పరిశోధన విడిచి పోలేకపోయింది.

ఆ పరిశోధన ఏమిటంటే, పొదిగిన రెండవ రోజు కోడిగ్రుడ్డులోని పిండాన్ని తీసి, ద్రవపు బొట్టులో వెచ్చగా, ప్రాణంతో నిలిపి చూడటం. మొదట కొన్ని కణాలు గుంపులు కట్టినవి. గుంపుల నడుమ ద్రవం చేరి బోలుగా అయినవి. అవి ఒకదానితో ఒకటి కలిసి వలగా అల్లుకొన్నవి. ఆ నాళాల గోడల నుండే ఎర్ర రక్తకణాలు పుట్టినవి. చివరకు చిన్ని గుండె మొట్టమొదటిసారి కొట్టుకొన్నది! తన జీవితంలో ఇంతకంటె ఉత్సాహకరమైన అనుభవం లేదని ఆమె భావించేది. ఈ వివరాలు 1920లో అచ్చయినవి.

1925లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ అయింది. తరువాత న్యూయార్కులో క్షయరోగంపై పరిశోధన చేసి, 1938లో పదవి విరమించి, ముసలితనంలో సొంత రాష్ట్రపు ఆరోగ్య చట్టాలను మార్పించింది. 1953 అక్టోబరులో కన్నుమూసింది.

ఆ కణాలకు నాళం కట్టమని ఆజ్ఞ ఎక్కడిది? ఆమె కాలంలో అది తెలియలేదు. వి.ఇ.జి.ఎఫ్. అనే ప్రోటీన్ పొరుగు కణాలు పంపే లైన్ క్లియర్ వంటిది. దానిని అందుకొనే గ్రాహకాన్ని ఎఫ్.ఎల్.కె.-1 అనే జన్యువు తయారుచేస్తుంది. 1995లో శాస్త్రజ్ఞులు ఎలుకలలో ఈ జన్యువును చెడగొట్టి చూడగా, పిండంలో రక్తనాళాలూ లేవు, రక్తకణాలూ లేవు. రెండూ ఒక్కసారే పోయినవి. నాళపు గోడ నుండే రక్తకణం విడివడటం సేబిన్ చూచింది గదా! 1996లో మరొక వింత బయటపడింది. వి.ఇ.జి.ఎఫ్. జన్యువు తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఆ రెండింటిలో ఒక్కటి లోపించినా ఎలుకపిల్ల కడుపులోనే మరణిస్తుంది.