మిస్ షిల్లింగ్ ఇత్తడి బిళ్ళ

మా నాన్నగారిది విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపు. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆయనకి క్యారియరు పట్టుకెళ్ళడం నా డ్యూటీ. అక్కడ ఇంజను ఒక్కచోట బాగవదు. బ్లాకు బోరింగ్‌కి ఒక షాపు, క్రాంకు గ్రైండింగ్‌కి ఇంకో షాపు, హెడ్డు పనికి పక్క వీధి, పంపూ నాజిళ్ళూ చూసేవాళ్ళు మరో చోట. ఎవరి పనిలో వాళ్ళు మొనగాళ్ళు. చేత్తో తడిమి ఎంత అరిగిందో చెప్పేసేవాళ్ళు. అన్నీ తిరిగొచ్చాక బిగించేవాడు వేరే.

పెళ్ళయ్యాక మావారి పాత జీపు ఇంజను బోరుకొస్తే, అది కూడా ఇలాగే నాలుగు చేతులు మారి వచ్చింది. కొత్త ఇంజనని సంబరపడి బయల్దేరితే ఊరు దాటకముందే పొగలు కక్కింది. బోరింగ్ చేసినాయన కొలత చూపించాడు, సరిగ్గానే ఉంది. హెడ్డు చేసినాయన వాల్వులు చూపించాడు, అవీ సరిగ్గానే ఉన్నాయి. రేడియేటరు ఆయన నీళ్ళు పోసి మరీ చూపించాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కానీ బండి మాత్రం వేడెక్కుతోంది! ఒక్కో పనికి ఒక్కో నిపుణుడుంటే మేలా, అన్ని పనులూ తెలిసిన ఒక్కరుంటే మేలా అన్న అనుమానం నాకప్పుడే పట్టుకుంది. మామూలు జీపుకే ఇంత గొడవుంటే, గంటకి నూట యాభై మైళ్ళు పరిగెత్తే రేసు బండి ఇంజను కట్టేవాళ్ళ మాటేమిటి?

ఆ అనుమానంతో పుస్తకాలు తిరగేస్తున్నప్పుడే బియాట్రిస్ షిల్లింగ్ పరిచయమైంది. పేరు విని ఏ సినిమా తారో అనుకునేరు. ఇంగ్లండులో ఒక మాంసం కొట్టు యజమాని కూతురు. 1909 మార్చి 8న హాంప్‌షైర్‌లోని వాటర్‌లూవిల్‌లో పుట్టింది. ఇంట్లో అందరూ ఆవిణ్ణి టిల్లీ అనేవారు. చిన్నప్పుడు చేతిఖర్చుకిచ్చిన డబ్బులు పెట్టి మెకానో ముక్కలూ పనిముట్లూ కొనుక్కునేదిట. ఆ మెకానో పోటీలో బహుమతి కూడా కొట్టేసింది. 14 ఏళ్ళకే మోటారు సైకిలు కొని, దాన్ని విప్పడం, మళ్ళీ బిగించడం మొదలెట్టింది. ఇంజనీరునవుతానని అప్పుడే నిర్ణయించేసుకుంది.

నిర్ణయించుకోవడం వరకు బాగానే ఉంది. ఆ రోజుల్లో ఆడపిల్లని పనిలోకి ఎవరు తీసుకుంటారు? అదృష్టం కొద్దీ మార్గరెట్ పార్‌ట్రిడ్జ్ అనే మహిళా ఇంజనీరు దొరికింది. డెవన్ ప్రాంతంలో పల్లెలకి కరెంటు తెచ్చే కంపెనీ ఆవిడదే. బియాట్రిస్ అక్కడ 3 ఏళ్ళు ఇళ్ళకి వైరింగు చేసింది, జనరేటర్లు బిగించింది. పార్‌ట్రిడ్జ్‌గారే వెంటబడి చదువుకోమని మాంచెస్టర్ యూనివర్సిటీకి పంపింది. ఫీజుకి ఒక మహిళా సంఘం వడ్డీ లేని అప్పు ఇచ్చింది. (ఈ సంగతి చదివినప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. ఒకావిడ పని నేర్పింది, ఇంకొందరు డబ్బిచ్చారు. అలా తయారైంది ఒక ఇంజనీరమ్మ.)

1932లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ డిగ్రీ వచ్చింది. అక్కడితో ఆగిపోతే మంచి ఎలక్ట్రికల్ నిపుణురాలనిపించుకునేది. కానీ ఆవిడ మనసంతా ఇంజన్ల మీదే. మరుసటి ఏడు మెకానికల్‌లో మాస్టర్స్ చేసింది. అవేమో ఆర్థిక మాంద్యం రోజులు, మగవాళ్ళకే ఉద్యోగాల్లేవు. బర్మింగ్‌హామ్‌లో ఒక ప్రొఫెసర్‌గారి దగ్గర సూపర్‌చార్జ్ చేసిన సింగిల్ సిలిండర్ ఇంజన్ల మీద పరిశోధనలో సహాయకురాలిగా చేరింది. సూపర్‌చార్జర్ అంటే మరేం కాదు, ఇంజను తనంతట తను పీల్చుకునే దానికన్నా ఎక్కువ గాలిని లోపలికి బలవంతంగా తోసే పంపు. 1936లో ఫార్న్‌బరోలోని రాయల్ ఎయిర్‌క్రాఫ్ట్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఉద్యోగం దొరికింది. దొరికిందని పేరేగానీ మొదట అప్పగించింది విమానం ఇంజన్ల మాన్యువళ్ళు రాసే పని! కుర్చీలో కూచుని కాగితాలు నింపడం ఆవిడకి బొత్తిగా గిట్టలేదు. పట్టుబట్టి ఇంజన్ల దగ్గరికే వెళ్ళింది. యుద్ధం మొదలయ్యేసరికి కార్బొరేటర్ల పరిశోధనలో ఉంది.

ఇక సాయంత్రాలూ సెలవులూ రేసులకే. వేబ్రిడ్జ్ దగ్గర బ్రూక్‌ల్యాండ్స్ అని కాంక్రీటు రేసు ట్రాక్ ఉండేది. 1907లో కట్టారు. గోడలా పైకి లేచిన మలుపులు, అంతా గతుకులు. అక్కడ రేసులో 100 మైళ్ళ వేగంతో ఒక చుట్టు పూర్తి చేసినవాళ్ళకి గోల్డ్ స్టార్ బ్యాడ్జీ ఇచ్చేవారు. 1934లో బియాట్రిస్ తన 500 సీసీ నార్టన్ మీద 106 మైళ్ళ వేగంతో, అంటే మన లెక్కలో గంటకి 170 కిలోమీటర్లతో, ఆ బ్యాడ్జీ సంపాదించింది. ఆ గౌరవం దక్కిన ఆడవాళ్ళు మొత్తం ముగ్గురే. నోయెల్ పోప్ లాంటి పేరున్న రేసర్లని కూడా ఓడించింది. అదే ఆఫీసులో పనిచేసే జార్జ్ నేలర్‌తో 1938లో పెళ్ళయింది. అతను కూడా గోల్డ్ స్టార్ తెచ్చుకుంటేగానీ పెళ్ళికి ఒప్పుకోలేదని అందరూ చెప్పుకుంటారు. కథో నిజమో గానీ, బ్యాడ్జీ అయితే అతనూ తెచ్చుకున్నాడు!

నాకు ఆవిడ వేగం కన్నా గొప్పగా అనిపించింది వేరే ఉంది. ఆ నార్టన్‌ని ట్యూన్ చేసింది కూడా ఆవిడే. రేసు ఇంజన్ని బలంగా చెయ్యడమంటే ఒక్క మర తిప్పితే అయ్యే పని కాదు. కంప్రెషన్ పెంచామా, వేడి పెరుగుతుంది. వేడి పెరిగితే ప్లగ్గు నిప్పు ఎప్పుడు వెయ్యాలో సవరించాలి, పెట్రోలు పాలు మార్చాలి. కామ్ మార్చి వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచితే, పెంచిన కంప్రెషన్ లెక్క మళ్ళీ మొదటికొస్తుంది. పప్పుచారులో చింతపండు ఎక్కువైతే ఉప్పూ కారం అన్నీ సవరించుకుంటూ పోతామే, అలాగన్నమాట. ఉప్పు వేసేది ఒకరూ పులుపు పిండేది ఇంకొకరూ అయితే చారు ఏమవుతుందో మనకి చెప్పక్కర్లేదు. పైగా బియాట్రిస్‌కి ఇంకో సౌకర్యం ఉంది. తను బిగించిన ఇంజను మీద తనే కూచుని నడిపేది. ఏ మలుపులో ఇంజను నోరు మూసుకుందో ఇంకొకరు వచ్చి చెప్పాల్సిన పని లేదు.

అలాగని నిపుణుల్ని తీసిపారేస్తున్నానని అనుకోకండి. అసలు కథలో వాళ్ళ వాటా పెద్దది.

1940లో జర్మన్ విమానాలతో బ్రిటిష్ స్పిట్‌ఫైర్లూ హరికేన్లూ తలపడ్డాయి. వాటిలో ఉన్నది రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజను. 12 సిలిండర్లు, 27 లీటర్లు, వెయ్యికి పైగా గుర్రాల బలం. అంత ఇంజనుకీ ఒక వింత జబ్బు ఉండేది. శత్రువిమానం ముక్కు కిందికి వంచి ఒక్కసారిగా డైవ్ చేస్తే, దాని వెంట పడబోయిన బ్రిటిష్ విమానం ఇంజను గుటుక్కున ఆగేది. ఆ కాసేపట్లో శత్రువు జారుకునేవాడు, లేదంటే వెనక్కి తిరిగొచ్చి పేల్చేవాడు. ఇంజను ఆగకుండా ఉండాలని మనవాళ్ళు ముందు విమానాన్ని తలకిందులు చేసి ఆ తర్వాత డైవ్ చేసేవారు. ఆ కొద్ది క్షణాల్లోనే వేటు తప్పిపోయేది. (మనవాళ్ళు అనేశాను చూశారా! వాళ్ళు అప్పట్లో మనల్ని ఏలుతున్నవాళ్ళే. కథలో పడితే అన్నీ మరిచిపోతాం.)

ఎందుకు ఆగేదంటే... మన ఇంటి మీద నీళ్ళ ట్యాంకులో బంతి ఉంటుంది కదా, నీళ్ళు నిండగానే తేలి వాల్వు మూస్తుంది. కార్బొరేటర్‌లో కూడా అలాంటి ఫ్లోటే ఉంటుంది. పెట్రోలు అడుగున ఉంటేనే దాని లెక్క సరిపోతుంది. విమానం ఒక్కసారిగా ముక్కు వంచితే లోపలి పెట్రోలు కాస్తా పైకెగిరి మూతకి కొట్టుకునేది. ముందు ఇంజనుకి పెట్రోలు అందక దగ్గేది. ఆ వెంటనే ఫ్లోటు తడబడి వాల్వు బార్లా తెరిచేసేది. పంపు తోసిన పెట్రోలంతా ఒక్కసారిగా ఇంజనులో పడి, అది ఉక్కిరిబిక్కిరై నల్లపొగ వదిలి ఆగిపోయేది. మొదటి దగ్గు చిన్నది. ప్రాణాలు తీసేది రెండోదే.

జర్మన్ ఇంజన్లలో ఫ్యుయల్ ఇంజెక్షన్ ఉండేది, వాటికి ఈ బెడద లేదు. మరి రోల్స్‌రాయిస్ వాళ్ళకి ఆమాత్రం తెలీదా? తెలుసు. కార్బొరేటర్‌లో పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలి చల్లబడుతుంది. చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి అదే సూపర్‌చార్జర్ నుంచి ఎక్కువ బలం వస్తుంది. సూపర్‌చార్జర్ నిపుణుల లెక్క ప్రకారం కార్బొరేటరే సరి. మా జీపు గుర్తొచ్చిందా? ఎవరి లెక్క వాళ్ళకి సరిగ్గానే ఉంది. పైలట్ మాత్రం చచ్చిపోతున్నాడు.

డైవ్‌లో కూడా ఆగని కొత్త కార్బొరేటర్ కోసం నిపుణులు పని మొదలుపెట్టారు. దానికి ఏళ్ళు పడుతుంది. యుద్ధం అన్నాళ్ళు ఆగదు కదా. బియాట్రిస్ జబ్బుని ఇంకోవైపు నుంచి చూసింది. ఇంజను పూర్తి బలంతో పనిచేస్తున్నప్పుడు ఎంత పెట్రోలు తాగుతుంది? అంతకు మించి ఒక్క చుక్క కూడా లోపలికి రాకుండా చేస్తే? అప్పుడు ఫ్లోటు తడబడినా, వాల్వు బార్లా తెరుచుకున్నా ఇంజను మునిగిపోదు. దానికి కావలసిందల్లా పెట్రోలు గొట్టంలో పెట్టే చిన్న ఇత్తడి ముక్క, మధ్యలో లెక్క తప్పని కన్నం. మొదట చేసినవి బట్టలు కుట్టేటప్పుడు వేలికి పెట్టుకునే తొడుగులా ఉండేవి, తర్వాత అచ్చం వాషరులాంటి బిళ్ళ అయింది. ఇంజను దించక్కర్లేదు, విమానాన్ని షెడ్డుకి పంపనక్కర్లేదు.

1941 మార్చి నాటికి చిన్న బృందాన్ని వెంటేసుకుని వైమానిక స్థావరాలన్నీ తిరుగుతూ ఈ బిళ్ళలు బిగించింది. ఆవిడ వాహనం మోటారు సైకిలే. బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌ని గెలిపించింది ఈ బిళ్ళేనని కొందరు రాస్తారు. అది తప్పు, ఆ పోరాటం 1940 అక్టోబరుకే ముగిసింది. కానీ ఆ తర్వాత యుద్ధం ఇంకా చాలా ఉంది. ఎక్కేవాళ్ళ ప్రాణాలు మాత్రం మారలేదు కదా. మొదటి దగ్గు ఈ బిళ్ళతో పోలేదు, విమానం తలకిందులుగా ఎక్కువసేపు ఎగరడానికీ ఇది పనికిరాలేదు. ఆ జబ్బు పూర్తిగా కుదరడానికి 1943 ప్రాంతంలో ప్రెషర్ కార్బొరేటర్లు రావాల్సొచ్చింది. అది నిపుణుల పనే, ఆ ఘనత వాళ్ళదే. అవి వచ్చే దాకా పైలట్లకి ఇంజను ఆగకుండా చూసింది మాత్రం ఈ బిళ్ళ.

పైలట్లు ఆ బిళ్ళకి పెట్టిన ముద్దుపేరు మిస్ షిల్లింగ్స్ ఆరిఫిస్. ఆరిఫిస్ అంటే కన్నం. మగవాళ్ళ బ్యారక్‌లలో ఆ మాటకి ఎలా నవ్వుకునేవారో ఊహించుకోండి. నాకైతే నవ్వు రాలేదు. పైగా అప్పటికి ఆవిడకి పెళ్ళయి రెండేళ్ళు దాటింది, అయినా మిస్సే!

యుద్ధం తర్వాత ప్రభుత్వం ఓ.బి.ఇ. ఇచ్చి గౌరవించింది. ఆఫీసులో ఎవరికీ అంతుపట్టని పనులు ఆవిడ బల్ల మీదకి వచ్చేవనిపిస్తుంది, జాబితా చూస్తే. బ్లూ స్ట్రీక్ రాకెట్, తడి రన్‌వే మీద విమానం బ్రేకులు, వైమానిక దళం ఒలింపిక్స్ జట్టుకి మంచు మీద జారే బండి! ఇంటి దగ్గర భార్యాభర్తలిద్దరూ మోటారు సైకిళ్ళు వదిలి కార్ల మీద పడ్డారు. విప్పడం, బిగించడం, రేసుకి తీసుకెళ్ళడం. 1959 నుంచి 1962 దాకా సిల్వర్‌స్టోన్‌లో ఆస్టిన్ హీలీ సెబ్రింగ్ స్ప్రైట్ నడిపి మొదటి స్థానం కూడా గెలిచింది. యాభై దాటిన వయసులో!

1967లో ఇంకో ముచ్చట జరిగింది. డాన్ గర్నీ అనే అమెరికన్ రేసర్ ఈగిల్ అనే ఫార్ములా వన్ కారు కట్టించాడు. కారు తయారైంది కాలిఫోర్నియాలో, 12 సిలిండర్ల ఇంజను చేసింది ఇంగ్లండులో వెస్లేక్ కంపెనీ. రెండూ గొప్పవే. ఆ ఏడు బెల్జియం గ్రాండ్ ప్రి గెలిచింది కూడా. కానీ కారు వేడెక్కేది. ఇంజను వేడి ఎవరి పని? ఇంజను చేసినవాళ్ళదా, కారు కట్టినవాళ్ళదా? నీళ్ళు ఇద్దరి మధ్యా తిరుగుతాయి కదా. ఆ వేడి సంగతి చూడమని పిలిచింది 58 ఏళ్ళ బియాట్రిస్‌ని.

ఇక్కడే మా జీపు సంగతి కూడా చెప్పేస్తాను. నాన్నగారి దగ్గర పనిచేసిన ఒక ముసలి మేస్త్రి వచ్చి హెడ్డు విప్పించాడు. బ్లాకు బాగుంది, హెడ్డు బాగుంది. మధ్యలో పెట్టిన గ్యాస్కెట్‌లో మాత్రం నీళ్ళ కన్నం బ్లాకు కన్నంతో కలవలేదు. గ్యాస్కెట్ తెచ్చిందెవరో ఇప్పటికీ తేలలేదు! ఆ మేస్త్రికి బోరింగ్ మెషిను నడపడం రాదు, క్రాంకు గ్రైండింగ్ అసలే రాదు. బోరింగ్ ఆయన లేకపోతే మా ఇంజనే లేదు, మేస్త్రి లేకపోతే అది నడిచేది కాదు. ఆ ఇద్దరిలో ఎవరికి ఎక్కువ డబ్బు ముట్టిందంటారా? బోరింగ్ ఆయనకే. మేస్త్రి టీ తాగి వెళ్ళిపోయాడు.

బియాట్రిస్ 1969లో రిటైరైంది. ఆ ఏడే సర్రే యూనివర్సిటీ గౌరవ డాక్టరేటు ఇచ్చింది. 1990 నవంబరు 18న, 81 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. ఆవిడ ఉద్యోగం చేసిన ఫార్న్‌బరోలో ఒక పబ్‌కి టిల్లీ షిల్లింగ్ అని పేరు పెట్టారు. ఆవిడ రేసు బ్యాడ్జీలూ కప్పులూ 2015లో బ్రూక్‌ల్యాండ్స్ మ్యూజియం వాళ్ళు కొనుక్కున్నారు. అవి ఇప్పుడు ఆవిడ నార్టన్ పరిగెత్తిన చోటికే చేరాయి.