శ్రీ వాల్‌చంద్ హీరాచంద్‌గారు

1882వ సంవత్సరమున షోలాపురమునందు జైన వర్తక కుటుంబమున జన్మించిన శ్రీ వాల్‌చంద్ హీరాచంద్‌గారు, వంశపారంపర్యమగు ప్రత్తి వ్యాపారమును, వడ్డీ వ్యవహారమును విడిచి, రైల్వే గుత్తపనులకు పూనుకొనిరి. ధనము వీరిది, పనియందలి యనుభవము పూర్వము రైల్వే గుమాస్తాగా నుండిన లక్ష్మణరావు ఫాటక్‌గారిది. ఆ పొత్తుతో నారంభమైన యుద్యమమే క్రమముగా వృద్ధినొంది, 1926లో హిందూస్థాన్ కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్థాపనకు దారితీసెను. బోర్‌ఘాట్ కొండలను తొలిచి రైలుమార్గమునకు సొరంగములు నిర్మించుటచే ఆ కంపెనీ పేరుగాంచెను.

మన విశాఖపట్టణమున 1941లో సింధియా నౌకానిర్మాణశాలకు పునాది పడుటయు వీరి పూనికవలననే. అచ్చట నిర్మితమైన జలఉష యను నౌక 1948లో సముద్రప్రవేశము చేసెను. 1953లో వీరు దివంగతులైరి.

మన సంఘమున ధనికులు గలరు; పని నేర్చియు పెట్టుబడి లేక నిలిచిపోయిన యువకులును గలరు. ఈ యుభయులును కలిసినచో నెట్టి ఫలము గలుగునో యీ చరిత్రము తెల్పుచున్నది. దాతలు దీనిని గమనింతురుగాక యని ప్రార్థించుచున్నాము.