నేల మీద దెబ్బతిన్నా ఆగని అమీలియా



తిరువూరు హాస్టల్లో ఉన్నప్పుడు విమానం చప్పుడు వినిపిస్తే చాలు, అన్నం పళ్ళేలతోనే వరండాలోకి పరుగెత్తేవాళ్ళం. పైన ఎగరడమే కష్టమనుకునేవాళ్ళం. కానీ నేల మీద కూడా విమానాలకు ఎన్నో గండాలుంటాయి. పూర్వం చాలాచోట్ల పచ్చిక బీళ్ళే రన్‌వేలు. అలాంటి నేల మీద దెబ్బతిని లేచిన మహిళా పైలట్ అమీలియా ఇయర్‌హార్ట్.

ఆమె 1897 జూలై 24న అమెరికాలోని ఆచిసన్‌లో జన్మించారు. తండ్రి లాయరే అయినా, ఆయన తాగుడు వల్ల కుటుంబం ఇబ్బందుల పాలైంది. అమీలియా టెలిఫోన్ కంపెనీలో పనిచేసి ఫీజు కట్టుకుని, 1921లో నీటా స్నూక్ అనే మహిళ దగ్గర విమానం నడపడం నేర్చుకున్నారు. తర్వాత బోస్టన్‌లో సమాజ సేవకురాలిగా, వలస వచ్చిన పేదలకు ఇంగ్లీషు నేర్పారు.

1928 జూన్‌లో విమానంలో అట్లాంటిక్ దాటిన తొలి మహిళగా ఆమె పేరు మారుమోగింది. అయితే ఆ విమానం నడిపింది వేరేవారు. ఆ కీర్తి ఆమెకు తృప్తినివ్వలేదు. ఆగస్టు చివర ఆవ్రో ఏవియన్ అనే చిన్న విమానంలో దేశయాత్రకు బయలుదేరారు. పిట్స్‌బర్గ్‌లో దిగి నేల మీద పరుగెడుతుండగా గడ్డిలో కనపడని గుంటలో పడి విమానం దెబ్బతింది. ఆమె వెనక్కి పోలేదు. బాగుచేయించుకుని, అమెరికాను ఆ చివరి దాకా ఒంటరిగా దాటి తిరిగొచ్చారు. 1932 మే నెలలో అట్లాంటిక్‌ను కూడా ఒంటరిగా దాటి, ఉత్తర ఐర్లాండులో ఒక పశువుల బీడులో దిగారు.

1937 మార్చి 20న, ప్రపంచయాత్రలో, హోనొలులు వద్ద ఇంధనంతో బరువెక్కిన విమానం పైకి లేవకముందే అదుపుతప్పి గిర్రున తిరిగి, చక్రాల కాళ్ళు విరిగాయి. దాన్ని ఓడలో పంపి బాగుచేయించి, జూన్ 1న మయామి నుంచి మళ్ళీ మొదలుపెట్టారు. దారిలో కలకత్తాలో, వానకు నానిన మైదానం నుంచి అతికష్టం మీద లేచారు. జూలై 2న న్యూగినీలోని లే పట్టణపు మట్టి రన్‌వే నుంచి నావిగేటర్ ఫ్రెడ్ నూనన్‌తో బయలుదేరారు. హౌలాండ్ దీవి దగ్గర ఉన్న ఓడకు ఆమె మాటలు వినిపించాయి గాని, ఓడవారి మాటలు ఆమెకు వినిపించలేదు. ఆ విమానం ఆచూకీ నేటికీ తేలలేదు.

నేను ఇంటర్ మొదటి సంవత్సరం ఇంగ్లీషులో తప్పాను. పెట్టె సర్దుకుని మిరపకోతలకు పోదామనుకున్నాను. అమ్మ ఒప్పుకోలేదు. సప్లిమెంటరీ రాశాను. మా ఇంట్లో తొలి డిగ్రీ నాదే, ఇప్పుడు పీజీ చదువుతున్నాను.

తప్పిన సబ్జెక్టు నేల మీద జరిగిన ప్రమాదం లాంటిది. సిగ్గుపడి ఇంటికి పోకండి. ఏం విరిగిందో చూసుకోండి, బాగుచేసుకోండి. ధైర్యంతో పాటు తయారీ కూడా కావాలని అమీలియా చివరి ప్రయాణం చెబుతోంది. రెండూ ఉంటే మన హాస్టల్ పిల్లలకు అందని ఎత్తు లేదు!