మార్ఫీన్‌ను కనుగొనిన సెర్ట్యూర్నర్

శస్త్రచికిత్స జరుగునపుడు రోగికి బాధ తెలియకుండ మత్తు ఇత్తురు. ఆ మత్తు దిగిన పిమ్మట గాయము నొప్పి పెట్టును. తీవ్రమైన ఆ నొప్పిని అణచుటకు నేటికిని వాడు మందులలో మార్ఫీన్ ముఖ్యమైనది. దానిని కనుగొనినవాడు పేరుమోసిన వైద్యుడు కాడు. మందుల అంగడిలో పనిచేయుచుండిన ఒక యువకుడు. అతని చరిత్రమును విద్యార్థులకు సంగ్రహముగా తెలుపుచున్నాము.

ఫ్రెడరిక్ సెర్ట్యూర్నర్ 1783వ సంవత్సరము జూన్ 19వ తేదీన, జర్మనీ దేశమున, పాడెర్‌బోర్న్ పట్టణ సమీపమందలి నొయ్‌హౌస్ అను ఊరిలో జన్మించెను. 1798లో తండ్రి గతించెను. మరుసటి యేట అతడు పాడెర్‌బోర్న్‌లోని ఒక ఔషధశాలలో పని నేర్చుకొనుటకు చేరెను.

ఆ కాలమున నొప్పికి నల్లమందే శరణ్యము. కాని దాని సారము ఒక ముద్దలో హెచ్చుగను, వేరొక ముద్దలో తక్కువగను ఉండెడిది. అందుచే ఒకే తూకము ఒకనికి చాలకపోవును. మరియొకని ఊపిరినే ఆపివేయును. సెర్ట్యూర్నర్ నల్లమందు రసమున అమ్మోనియా కలిపి, అడుగున చేరిన స్ఫటికములను వేరుచేసెను. వానిని కుక్కలకు పెట్టి చూచి, నిద్ర పుట్టించు గుణము వానియందే కలదని గ్రహించెను. ఈ సంగతిని 1806లో ప్రకటించినను పండితులు లక్ష్యపెట్టలేదు.

అతడు నిరాశ చెందలేదు. ఐన్‌బెక్ పట్టణమున ఔషధశాల నడుపుచు పరిశోధన సాగించెను. తానును, పదునేడేండ్లు మించని ముగ్గురు యువకులును అరగ్రెయిను చొప్పున ఆ మందును పుచ్చుకొనిరి. అరగంటకు మరల అరగ్రెయిను, ఆపై పావుగంటకు ఇంకొక అరగ్రెయిను సేవించిరి. మొదట ముఖములు ఎఱ్ఱబారెను. పిదప తల తిరిగెను. తుదకు స్పృహ తప్పునంతటి నీరసము కలిగెను. అతడు భయపడి, వెనిగరు త్రాగించి అందఱచే వాంతి చేయించెను. ఇట్టి సాహసమును నేటి వైద్యనీతి అంగీకరింపదు. అయినను, మోతాదు పెరిగిన కొలది కలుగు మార్పులను వరుసగా గుర్తించుట ఆనాడు గొప్ప విషయమే.

1817లో అతడు ప్రకటించిన వ్యాసమును ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గే-లుస్సాక్ మెచ్చి ప్రచారము చేసెను. గ్రీకుల స్వప్నదేవత మార్ఫియస్ పేరిట మందునకు పేరు స్థిరపడెను. 1831లో ఫ్రెంచి విద్వత్సంస్థ అతనికి 2,000 ఫ్రాంకుల బహుమానమిచ్చెను. 1841 ఫిబ్రవరి 20వ తేదీన హామెల్న్ పట్టణమున అతడు మరణించెను. 1853లో ఎడింబరో వైద్యుడు అలెగ్జాండర్ వుడ్ ఆ మందును సూదితో చర్మము క్రింద ఎక్కించు పద్ధతిని ఆరంభించెను. దానిని చూచు భాగ్యము సెర్ట్యూర్నర్‌కు కలుగలేదు.

స్వచ్ఛమైన మందు దొరకుటచే మోతాదును తూచుట సాధ్యమైనది. కాని తూచి ఇచ్చినంతమాత్రమున పని తీరదు. అందుచే నేటి ఆసుపత్రులలో నర్సులు శస్త్రచికిత్సానంతరము రోగిని పలుమారులు చూతురు, నొప్పి సున్న మొదలు పది వఱకు ఎంతయని అడుగుదురు, శ్వాసలను లెక్కింతురు, మగత హెచ్చినదేమోయని పరికింతురు. దానినిబట్టి వైద్యులు మందును పెంతురు, తగ్గింతురు, లేదా మార్తురు.

నొప్పిని ఓర్చుకొని మౌనముగ నుండుటయే ధైర్యమని మనలో పలువురు తలంతురు. అది పొరపాటు. నొప్పికి వెఱచి రోగి గట్టిగా ఊపిరి తీయక, దగ్గక ఉన్నయెడల ఊపిరితిత్తులలో కఫము చేరి కొత్త వ్యాధి కలుగవచ్చును. కావున విద్యార్థులారా, మీ యింట ఎవరికైన శస్త్రచికిత్స జరిగినచో, నొప్పిని దాచక చెప్పుడని వారికి బోధింపుడు. మందు తూకము త్రాసు చెప్పును; నొప్పి తూకము రోగియే చెప్పవలెను.