ఆగిన చదువుకు మరో దారి చూపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్

తుంగతుర్తి (సూర్యాపేట జిల్లా): పదవ తరగతి పూర్తి కాకముందే బడికి దూరమైన బాలబాలికలకు తిరిగి చదువుకునే అవకాశం కల్పించడం విద్యారంగంలో అత్యంత క్లిష్టమైన బాధ్యత. పత్తి ఏరే కాలంలో కూలి పనులు, చిన్న వయసులో పెళ్లిళ్లు, ఉన్నత పాఠశాల దూరంగా ఉండడం, ఒకసారి పరీక్ష తప్పగానే కలిగే నిరుత్సాహం వంటి కారణాలు తుంగతుర్తి వంటి గ్రామీణ మండలాల్లో ఎందరి చదువునో మధ్యలోనే ఆపివేస్తున్నాయి. సార్వత్రిక విద్యాపీఠం, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఇటువంటి వారి కోసమే పనిచేస్తున్నాయి. ఈ ఆలోచనకు దశాబ్దాల క్రితమే ఆచరణ రూపం ఇచ్చిన తెలుగువారిలో అగ్రగణ్యురాలు శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్ర్య సమరయోధురాలిగా, రాజ్యాంగ నిర్మాణ సభ సభ్యురాలిగా ఆమె సుప్రసిద్ధులు. చదువు మానివేసిన వారిని తిరిగి పరీక్షకు సిద్ధం చేసిన విద్యావేత్తగా ఆమె చేసిన సేవ కూడా అంతే విలువైనది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో జన్మించారు. ఎనిమిదవ ఏటనే ఆమెకు వివాహం జరిగింది. యుక్తవయస్సు వచ్చిన తరువాత ఆమె ఆ బంధం నుండి వైదొలిగారు. ఆంగ్ల మాధ్యమంలో బోధనను నిరసిస్తూ సుమారు పన్నెండేళ్ల వయసులో పాఠశాలను విడిచిపెట్టారు. అయితే చదువుపై ఆమెకున్న మక్కువ తగ్గలేదు. తాను నేర్చుకున్న హిందీని ఇతరులకు నేర్పడానికి బాలికల కోసం ఒక హిందీ పాఠశాలను ప్రారంభించారు. 1923లో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభల సందర్భంగా స్వచ్ఛంద సేవికగా పనిచేస్తూ, టికెట్టు లేని కారణంగా జవహర్‌లాల్ నెహ్రూను సైతం ప్రదర్శనశాల ద్వారం వద్ద నిలిపివేశారు. విధి నిర్వహణలో ఆమె పట్టుదలకు ఈ సంఘటనను నేటికీ ఉదాహరణగా చెబుతారు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె అరెస్టయ్యారు. 1930, 1933 మధ్య కాలంలో మూడుసార్లు కారాగారవాసం అనుభవించారు. కొంతకాలం ఏకాంత ఖైదులో కూడా గడిపారు. కారాగారంలో ఆమెకు తారసపడిన స్త్రీలలో అనేకులు నిరక్షరాస్యులు. తమపై మోపిన నేరమేమిటో, తమకున్న హక్కులేమిటో తెలియని స్థితిలో వారు శిక్ష అనుభవిస్తుండడం ఆమెను కలచివేసింది. న్యాయశాస్త్రం చదివి అటువంటి వారికి అండగా నిలవాలన్న సంకల్పం ఆమెలో అక్కడే కలిగింది. కానీ న్యాయ కళాశాలలో చేరాలంటే పట్టా కావాలి, పట్టా కావాలంటే ముందు మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణత కావాలి. అప్పటికి ఆమె బడి మాని పదేళ్లు దాటింది.

ఈ చిక్కుకు పరిష్కారం బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నిర్వహించే మెట్రిక్యులేషన్ పరీక్షలో లభించింది. ఏళ్ల తరబడి పాఠశాలలో హాజరు లేకున్నా ప్రైవేటుగా చదువుకుని ఆ పరీక్షకు కూర్చునే వీలు ఉండేది. దుర్గాబాయి ఆ మార్గంలో ఉత్తీర్ణులై, ఇంటర్మీడియట్ పూర్తి చేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరారు. ఆనాడు అక్కడ విద్యార్థినులకు వసతి గృహం లేకపోవడం అడ్డంకి కాగా, చదువుకోగోరే ఇతర యువతులను కూడగట్టి ఆ కొరతను కూడా తీర్చుకున్నారు. 1939లో రాజనీతి శాస్త్రంలో ఆనర్స్ పట్టా, 1942లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పొంది మద్రాసులో న్యాయవాద వృత్తి చేపట్టారు.

తాను నడిచిన దారి ఇతరులకు కూడా అందుబాటులోకి రావాలన్నదే ఆమె తరువాతి కృషికి మూలం. 1937లో మద్రాసులో ఆమె నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తెలుగు బాలికలను, యువతులను సిద్ధం చేసే తరగతులు నిర్వహించింది. బాల్య వివాహం వల్ల, వైధవ్యం వల్ల, పేదరికం వల్ల బడి మానిన వారికి ఈ తరగతులు ఆశాకిరణమయ్యాయి. సభ క్రమంగా విద్య, వైద్యం, వృత్తి శిక్షణ రంగాలకు విస్తరించి, అనంతర కాలంలో హైదరాబాదులో కూడా కళాశాలలు, ఆసుపత్రి, అక్షరాస్యతా సంస్థలను నెలకొల్పింది.

1946లో రాజ్యాంగ నిర్మాణ సభకు ఎన్నికైన దుర్గాబాయి ఆ సభ అధ్యక్ష మండలిలో ఏకైక మహిళగా వ్యవహరించారు. 1952లో ప్రణాళికా సంఘం సభ్యురాలిగా నియమితులయ్యారు. 1953లో ప్రముఖ ఆర్థికవేత్త శ్రీ సి.డి. దేశ్‌ముఖ్‌ను వివాహం చేసుకున్నారు. అదే సంవత్సరం ఆగస్టులో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలిగా బాధ్యతలు చేపట్టారు. స్వచ్ఛంద సంస్థలకు సహాయం అందించేందుకు మొదటి పంచవర్ష ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించబడ్డాయి.

గ్రామాలలో సంక్షేమ కార్యక్రమాలు ప్రారంభమైన కొద్దీ ఒక లోపం స్పష్టమైంది. గ్రామసేవికలు, బాలసేవికలు, నర్సులు, ఉపాధ్యాయినులుగా పనిచేయడానికి తగిన విద్యార్హత గల స్త్రీలు పల్లెలలో లభించలేదు. పట్టణాల నుండి వచ్చినవారు గ్రామాలలో నిలవలేదు. ఊళ్లోనే ఉండి సేవ చేయగల స్త్రీలకేమో అర్హత పత్రం లేదు. దీనికి సమాధానంగా 1958లో బోర్డు సంక్షిప్త విద్యా కోర్సులను ప్రారంభించింది. కొంతవరకు చదివి మానివేసిన స్త్రీలకు అనేక సంవత్సరాల పాఠ్యాంశాలను సుమారు రెండేళ్లలో బోధించి మిడిల్, మెట్రిక్యులేషన్ పరీక్షలకు పంపడం ఈ పథకం సారాంశం. స్వచ్ఛంద సంస్థల ద్వారా ఇది దేశవ్యాప్తంగా అమలయింది. మద్రాసులో ఒక సంస్థ చేసిన ప్రయత్నం ఆ విధంగా జాతీయ కార్యక్రమమైంది. అదే ఏడాది భారత ప్రభుత్వం నియమించిన జాతీయ మహిళా విద్యా సంఘానికి కూడా ఆమె అధ్యక్షత వహించారు. 1959లో సమర్పించిన ఆ సంఘం నివేదిక బాలికల విద్యను ప్రత్యేక సమస్యగా పరిగణించవలసిన అవసరాన్ని ప్రభుత్వాల దృష్టికి తెచ్చింది.

1975లో భారత ప్రభుత్వం ఆమెను పద్మవిభూషణ్ పురస్కారంతో గౌరవించింది. 1981 మే 9న దుర్గాబాయి కన్నుమూశారు.

ఆమె మరణించిన పదేళ్లకు, 1991లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సార్వత్రిక విద్యాపీఠం ఏర్పడింది. రాష్ట్ర విభజన అనంతరం తెలంగాణకు ప్రత్యేక విద్యాపీఠం వచ్చింది. 14 ఏళ్లు నిండినవారు ఇందులో పదవ తరగతికి చేరవచ్చు. గరిష్ఠ వయోపరిమితి లేదు. అన్ని విషయాలలో ఒకేసారి ఉత్తీర్ణులు కానవసరం లేకుండా గడువులోపు విడతలవారీగా పూర్తిచేసే సౌలభ్యం ఉంది. 2004లో ప్రారంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు బడి మానిన, నిరుపేద బాలికలకు వసతితో కూడిన విద్యను అందిస్తున్నాయి.

దుర్గాబాయి కృషిని పరిశీలిస్తే ఈ పథకాల అమలుకు అవసరమైన అంశాలు తేటతెల్లమవుతాయి. ఆమె తెరచిన మార్గంలో చదివినవారు అందరూ గుర్తించే పరీక్షనే రాశారు. వారికోసం పరీక్ష స్థాయిని తగ్గించలేదు. మారినదల్లా హాజరు నిబంధన, బోధనకు పట్టే కాలం, నేర్పే విధానం మాత్రమే. పుస్తకాలు ఇచ్చి వదిలివేయకుండా తరగతులు నడిపారు. చదువు పూర్తయిన తరువాత చేయదగిన ఉద్యోగాన్ని కూడా దృష్టిలో ఉంచుకున్నారు. ఈ మూడింటిలో ఏది లోపించినా ప్రవేశాల పట్టికలో పేర్లు పెరుగుతాయే గాని ఉత్తీర్ణుల సంఖ్య పెరగదు. పల్లెల్లో, తండాల్లో బడి మానిన పిల్లల వివరాలు సేకరించే అధికారులు, ఆ విషయాలపై వార్తలు రాసే పాత్రికేయులు ఎంతమంది చేరారన్న లెక్కతో పాటు ఎంతమంది పరీక్ష గట్టెక్కారన్న లెక్కను కూడా పరిశీలించినప్పుడే దుర్గాబాయి ఆశయం నెరవేరుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.