గాంధీ ఎప్పుడు తాతయ్యారు?

రెండో క్లాసు పిల్లాడిని గాంధీ గారి బొమ్మ గీయమంటే ఒక గుండు, గుండ్రటి కళ్ళజోడు, చేతికర్ర గీసేసి పేపర్ ఇచ్చేస్తాడు. మనకి కూడా అంతే. ఆయన గాంధీ తాత. పుట్టడమే తాతగా పుట్టారేమో అనిపిస్తుంది. మొన్న సెమిస్టర్ సెలవుల్లో ఆయన ఫోటోలు ఏడాది వరసలో పెట్టుకుని చూస్తే నాకో డౌట్ వచ్చింది. ఆయన ముసలాయన అయ్యాక గుండు చేయించుకున్నారా, లేక గుండు చేయించుకోబట్టి మనకి ముసలాయన అయ్యారా?

నిజానికి జుట్టు విషయంలో మనకంటే ఎక్కువ పట్టింపు ఉన్న మనిషి ఆయన. 1888లో లా చదవడానికి లండన్ వెళ్ళే ముందు పిలక తీయించేశారు, అక్కడి దొరలు నవ్వుతారేమోనని. అక్కడికెళ్ళాక రోజూ పది నిమిషాలు అద్దం ముందు నిలబడి టై సర్దుకోవడం, పాపిడి తీసుకోవడం. మాట వినని బిరుసు జుట్టు కాబట్టి బ్రష్‌తో రోజూ యుద్ధమే. అప్పటికి ఆయనకి పందొమ్మిదేళ్ళు, అంటే నా వయసు. మా హాస్టల్లో వాష్‌బేసిన్ దగ్గర పొద్దున్నే జరిగేది కూడా సరిగ్గా ఇదే.

తర్వాత సౌతాఫ్రికా. ప్రిటోరియాలో ఒక తెల్ల మంగలి నల్లవాళ్ళకి క్షవరం చెయ్యనని ఆయన్ని పంపించేశాడు. ఆయన కత్తెర మిషన్ కొనుక్కొచ్చి అద్దంలో చూసుకుంటూ తనే కత్తిరించుకున్నారు. ముందు భాగం ఏదో కుదిరింది గానీ వెనక అంతా పాడైపోయింది. కోర్టులో స్నేహితులు ఎలుకలు కొరికాయా అని ఏడిపించారట. 1906 నాటి ఫోటో చూడండి. సూటు, నల్లటి జుట్టు, మీసం, ముప్పై ఏడేళ్ళ బారిస్టర్. వయసు ఎంతో ముఖంలో అంతే కనిపిస్తుంది.

1913 దగ్గరికి వచ్చేసరికి అంతా మారిపోయింది. ఒప్పందపు కూలీ ముగిశాక కూడా నేటాల్‌లో ఉండిపోయినవాళ్ళ మీద అక్కడి ప్రభుత్వం ఏటా మూడు పౌన్ల పన్ను వేసేది. దాని మీద గనుల్లో, చెరకు తోటల్లో వేలమంది సమ్మెకి దిగారు. కాల్పులు జరిగాయి, కూలీలు చనిపోయారు. డిసెంబర్ 18న జైలు నుంచి విడుదలైన గాంధీ మూడు రోజుల తర్వాత డర్బన్‌లో సభకి వచ్చారు. సూటు లేదు, చెప్పులు లేవు. లుంగీ, కుర్తా, నున్నటి గుండు. చనిపోయినవాళ్ళ కోసం మైల పట్టారు. పన్ను పోయేదాకా రోజుకి ఒక్కపూటే భోజనం అని కూడా పెట్టుకున్నారు.

ఆ కూలీలు ఎవరో మనం తెలుసుకోవాలి. 1860 నుంచి 1911 దాకా లక్షన్నర మందిని ఓడల్లో నేటాల్‌కి తీసుకెళ్ళారు. ఎక్కువమంది మద్రాసు రాష్ట్రం వాళ్ళు. అందులో తెలుగువాళ్ళు ముఖ్యంగా విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళారు. అంటే ఆ గుండు కొంతవరకు మన ఊళ్ళవాళ్ళ కోసం కూడా.

మైల గుండు అంటే ఏంటో నాకు రెండేళ్ళ కిందట తెలిసింది. తాతయ్య పోయాక నాన్న గుండు చేయించుకుని ఇంటికొస్తే ఒక్క క్షణం గుర్తుపట్టలేదు. పదేళ్ళు పెద్దవాడైపోయినట్టు కనిపించాడు. సింహాచలం మొక్కు గుండుతో నాన్నని చాలాసార్లు చూశాను, అప్పుడెప్పుడూ అలా అనిపించలేదు. తేడా మీసంలో ఉంది. మొక్కుకైతే మీసం ఉంచుకుంటారు, కర్మకైతే అదీ తీసేస్తారు. కాలనీలో ఎదురైన వాళ్ళు కూడా ముందు మీసం దగ్గరే చూసేవాళ్ళు, చూశాక తిరుపతా అని అడగడం మానేసేవాళ్ళు.

గాంధీ గారి ఆనాటి ఫోటోలో మాత్రం నాకు వయసు అందలేదు. నలభై నాలుగేళ్ళ మనిషి, బక్కగా, పెద్ద చెవులతో, ఒక పక్కనుంచి స్టూడెంట్‌లా, ఇంకో పక్కనుంచి సన్యాసిలా ఉన్నారు. 2012లో అమెరికాలో ఆల్బర్ట్ మానెస్ అనే ఆయన ఒక ప్రయోగం చేశాడు. ఒకే మనిషి ఫోటో జుట్టుతో ఒకటి, కంప్యూటర్‌లో జుట్టు తీసేసి ఒకటి చూపిస్తే, జనం గుండు మనిషినే ఎక్కువ బలవంతుడు, అధికారం ఉన్నవాడు, కాస్త పొడుగు కూడా అనుకున్నారు. గాంధీ దగ్గర ఈ లెక్క పనిచెయ్యదు. గుండుతో ఆయన ఇంకా చిన్నగా, ఇంకా సామాన్యంగా కనిపించారు. ఆయనకి కావలసింది కూడా అదేననుకుంటా.

1915లో ఇండియా వచ్చినప్పుడు పెద్ద కాఠియావాడీ తలపాగా. ఆ తర్వాత ఖద్దరు టోపీ. ఇక్కడ మన ఊరు వస్తుంది. 1921 సెప్టెంబర్ 14న గాంధీ, మౌలానా మహమ్మద్ అలీ మద్రాసు వెళ్తుంటే రైలు వాల్తేరులో ఆగింది. ఇప్పటి మన వైజాగ్ స్టేషనే. బయట జనం ఉన్నారు, ఇద్దరూ మాట్లాడదామని బయల్దేరారు. దారిలోనే పోలీసులు మహమ్మద్ అలీని అరెస్ట్ చేశారు. కరాచీ ఖిలాఫత్ సభలో, బ్రిటిష్ సైన్యంలో ముస్లింలు పనిచెయ్యకూడదని తీర్మానం చేసిన కేసు. కళ్ళముందే స్నేహితుణ్ణి తీసుకెళ్తే గాంధీ ఒక్కరే వెళ్ళి సభలో మాట్లాడారు. అప్పుడే, అక్కడే టోపీ, చొక్కా తీసేద్దామని ఆయనకి అనిపించిందట. జనం దాన్ని ప్రదర్శన అనుకుంటారేమోనని ఆగిపోయారు. ఈ సంగతి ఆయనే తర్వాత రాసుకున్నారు. ప్లాట్‌ఫామ్ నంబర్ వన్ మీద ఎన్నిసార్లు సమోసా తిన్నానో, ఈ విషయం మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఎనిమిది రోజుల తర్వాత మధురైలో తీసేశారు. ఖద్దరు కొనే డబ్బు లేదన్న పేదవాళ్ళకి చెప్పడానికి ఆయన దగ్గర జవాబు లేదు. అందుకే కొల్లాయి కట్టారు. మొదట అక్టోబర్ 31 దాకా అనుకున్నారు, ఆ తేదీ దాటిపోయింది, టోపీ మళ్ళీ రాలేదు. ఇక తల దాచే వస్తువేదీ లేదు. గుండు, మధ్యలో చిన్న పిలక, నెరిసే మీసం, ఊడిపోతున్న పళ్ళు. నా లెక్కలో ముసలితనం తెచ్చింది గుండు ఒక్కటే కాదు, ఈ కాంబినేషన్ మొత్తం. టోపీకి మాత్రం ఆయన పేరే మిగిలింది. దాన్ని జీవితాంతం పెట్టుకున్న నెహ్రూ గారిది లోపల బట్టతలే, అయినా ఆయన మనకి చాచా, ఈయన తాత. మధ్యలో ఇరవై ఏళ్ళ తేడా ఉంది, నిజమే. కానీ టోపీకి కూడా అందులో వాటా ఉందని నా అనుమానం.

1922 మార్చిలో సబర్మతిలో అరెస్ట్ చేసి కోర్టుకి తీసుకెళ్ళారు. వయసు 53 అని రాయించారు, నిజానికి ఇంకా 52 నిండి కొన్ని నెలలే. వృత్తి అడిగితే వ్యవసాయం, నేత అన్నారు. బారిస్టర్ అని రాయించలేదు.