గగారిన్ గారి ప్రమోషను

గుమాస్తాగా ప్రమోషను ఫైళ్లు ఎన్నో చూశాను గాని, యూరీ గగారిన్ గారిలా ఆకాశంలో ఉండగా ప్రమోషను పొందినవారిని ఎరుగను. 1934లో రష్యాలోని క్లూషినో గ్రామంలో వడ్రంగి ఇంట పుట్టి, ఫౌండ్రీ పని నేర్చి, వైమానిక దళంలో పైలట్ అయ్యారు. 1961 ఏప్రిల్ 12న 108 నిమిషాల అంతరిక్షయానం మధ్యలోనే సీనియర్ లెఫ్టినెంటును, కెప్టెన్ మెట్టు దాటించి, మేజర్‌ను చేశారు.

చిక్కంతా ఆ తరువాతే. దేశదేశాల సన్మానాలు (ఆ ఏడాది మన దేశానికీ వచ్చారు), కాని విమానం ఎక్కనివ్వడానికి పైవారికి జంకు. అది గౌరవం పేరిట శిక్షేనని నా అభిప్రాయం. 1967లో మిత్రుడు కొమరోవ్ అంతరిక్షం నుంచి తిరిగి వస్తూ పారాచూటు విచ్చుకోక మరణించాక కట్టడి మరింత బిగిసింది. అయినా పట్టు విడవలేదు. కల్నల్ అయివుండీ, ఒంటరిగా విమానం నడిపే అనుమతి కోసం, మన డిపార్టుమెంటు పరీక్షలాగా, శిక్షకుడు సెర్యోగిన్‌తో 1968 మార్చి 27న మిగ్-15 ఎక్కారు. అది కూలి ఇద్దరూ పోయారు. గగారిన్‌కు అప్పటికి 34 ఏళ్లు.